అవటుగ్రంథి మందగించినపుడు సరియైన మందు ఏది?

విజయవాడలో సూర్యారావుపేట, గవర్నరుపేట వీథులు ఆసుపత్రులకును, రక్తపరీక్షాశాలలకును పేరుపడినవి. ఉదయము ఏడు గంటలకే గుడివాడ, అవనిగడ్డ, తెనాలి వైపులనుండి వచ్చినవారు కాఫీయైనను త్రాగక అక్కడ మెట్లమీద కూర్చుండి తమ వంతుకై వేచియుందురు. వారిలో పెక్కుమంది స్త్రీలు. వారి చేతి చీటీలలో చక్కెర పరీక్షతోపాటు తరచుగా కనబడు మూడక్షరములు టి.ఎస్.హెచ్. అనునవి. 2013లో వెలువడిన ఒక అధ్యయనములో మన దేశమందలి 8 నగరములలో 5,376 మంది వయోజనులను పరీక్షింపగా, నూటికి సుమారు 11 మందిలో అవటుగ్రంథి మాంద్యము కనబడినది. హైదరాబాదు, చెన్నై ఆ 8 నగరములలోనివే. కాబట్టి ఇది ఎక్కడనో ఒకరికి వచ్చు అరుదైన వ్యాధి కాదు. ఒక ఉన్నతపాఠశాలలో 20 మంది ఉపాధ్యాయులుండినచో వారిలో ఇద్దరికి ఉండుట వింత కాదు.

పామర్రు దగ్గర అట్టి ఉపాధ్యాయిని నొకరిని ఊహించుకొందము. వయస్సు 30 సంవత్సరములు, బరువు 60 కిలోగ్రాములు. కొన్ని నెలలుగా ఆమెకు మధ్యాహ్నపు తరగతులలో కండ్లు మూతలు పడుచున్నవి. అందరికిని హాయిగానుండు మార్గశిరపు గాలి ఆమెకు వణుకు పుట్టించుచున్నది. కంఠము బొంగురుపోయినది, చర్మము పొడిబారినది, తినుట తగ్గినను బరువు పెరిగినది. పిల్లల పేర్లు నోటికి వెంటనే రావు. ఇంటివారు దీనిని పనిభార మనుకొనిరి. తుదకు రక్తపరీక్షలో టి.ఎస్.హెచ్. 38 అని తేలినది. ఉండవలసినది ఇంచుమించు 0.4 మొదలు 4 వరకు.

ఇక సలహాలు మొదలగును. ప్రక్కయింటి ఆమె 50 మాత్ర వేసికొనుచున్నదట, అక్కగారు 100 మాత్ర. ఒకరు కంపెనీ మార్చుమందురు, ఒకరు సముద్రపు నాచు గుళికలు తెప్పించుకొమ్మందురు. అమెరికాలోని బంధువు పందిగ్రంథినుండి చేసిన మాత్రలే మేలని ఫోనులో చెప్పును. వీని నడుమ సరియైన మందును వెదకుట ఎట్లు? ఈ వ్యాధికి మందు దాదాపు అందరికిని ఒక్కటే. వెదకవలసినది మందును కాదు, మోతాదును. ఆ మోతాదు దేహములోనికి చేరు దారిని కూడ వెదకవలెను.

కంఠమున, శ్వాసనాళమునకు ముందు, సీతాకోకచిలుక రెక్కలవలె రెండు తమ్మెలతో అమరియున్నది అవటుగ్రంథి. దీనినే థైరాయిడు గ్రంథి యందురు. ఇది రక్తమునుండి అయొడినును గ్రహించి థైరాక్సిన్ అను హార్మోనును తయారుచేయును. ఆరోగ్యవంతుని గ్రంథి దినమునకు 80 మొదలు 100 మైక్రోగ్రాముల వరకు దీనిని స్రవించును. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షలవ వంతు. ఒక్కొక్క థైరాక్సిన్ అణువులో 4 అయొడిన్ పరమాణువులుండును కనుక దీనికి టి-4 అని సంక్షిప్తనామము. కాలేయము, మూత్రపిండములు, మెదడు మొదలగు అవయవములు అవసరమునుబట్టి ఇందులో ఒక అయొడిన్ పరమాణువును తొలగించి టి-3గా మార్చుకొనును. కణములలో పనిచేయు అసలు రూపము టి-3యే. ఆహారమును దహించి వేడి పుట్టించుట, గుండె వేగము, ప్రేవుల కదలిక, శిశువు మెదడు పెరుగుదల దీని అదుపులో నుండును.

గ్రంథికి ఎంత స్రవించవలెనో తెలుపునది మెదడు అడుగున శనగగింజంత ఉన్న పీయూషగ్రంథి. కృష్ణాడెల్టా విద్యార్థులకు ఇది సులభముగా బోధపడును. ప్రకాశం బారేజివద్ద నీరు వదలువారు శివారు భూములలో నీటిమట్టము చూచుకొందురు. శివారు ఎండినచో “ఇంకను వదలుడు” అని కబురులు వచ్చును, నిండినచో ఆ కబురులు ఆగును. పీయూషగ్రంథి అవటుగ్రంథికి పంపు ఇట్టి కబురే టి.ఎస్.హెచ్. రక్తములో థైరాక్సిన్ తగ్గినకొలది ఈ కబురు హెచ్చును. అదియును సమానముగా హెచ్చదు: థైరాక్సిన్ సగమునకు తగ్గినచో టి.ఎస్.హెచ్. సుమారు నూరు రెట్లు పెరుగగలదు. చిన్న లోపమునైనను ఈ పరీక్ష పెద్దదిగ చేసి చూపుటకు కారణమిదే. మన ఉపాధ్యాయిని రక్తములోని 38 అను సంఖ్య పీయూషగ్రంథి వేయుచున్న కేక. అంకె పెద్దదైనచో హార్మోను ఎక్కువైనదని భ్రమించువారు ఎందరో కలరు. నిజము దానికి విరుద్ధము.

“చేపలు, రొయ్యలు తినే ఊళ్ళో ఈ జబ్బేమిటండీ?” అని దివిసీమవారడుగుట సమంజసమే. అయొడిన్ కొరతవలన గొంతు వాచు వ్యాధి కొండప్రాంతములలో ఎక్కువ. దానిని అరికట్టుటకే మన దేశములో ఉప్పులో అయొడిన్ కలుపుచున్నారు. తయారీవద్ద పదిలక్షల పాళ్ళకు 30 పాళ్ళు, వాడువారి ఇంట 15 పాళ్ళు ఉండవలెనని నియమము. (బందరు తీరపు కొఠారులలో పండిన ముడియుప్పు సముద్రమునుండి వచ్చినదే అయినను అందులో సహజముగ నుండు అయొడిన్ అత్యల్పము. ఇది చాలమందికి తెలియదు.) కాని అయొడిన్ చాలినంత దొరకుచోట్ల ఈ మాంద్యమునకు ముఖ్యకారణము వేరు. దేహమును కాపాడవలసిన రక్షణ కణములే పొరపడి అవటుగ్రంథిని శత్రువుగా నెంచి క్రమముగా నశింపజేయును. జపాను వైద్యుడు హషిమోటో 1912లో దీనిని వర్ణించెను. ఇది పురుషులకంటె స్త్రీలకు పెక్కురెట్లు ఎక్కువ. పనిముట్లు విరిగిన కమ్మరికి ఇనుము ఎంత తెచ్చి యిచ్చినను కొడవలి రాదు. అట్లే గ్రంథి దెబ్బతినిన తరువాత నాచుగుళికలు మ్రింగుటవలన ఫలము లేదు. పైగా అతిగా చేరిన అయొడిన్ ఆ గ్రంథిని మరింత అణచవచ్చును. క్యాబేజి కూరనుగూర్చిన భయము మాత్రము మితిమీరినది. వండి తిను మామూలు పరిమాణములో దానివలన చెరుపు లేదు.

గ్రంథి చేయలేని పదార్థమును వెలుపలినుండి ఇచ్చుటయే చికిత్స. 1891లో ఇంగ్లండులోని న్యూకాజిల్ నగరమున జార్జి మర్రే అను వైద్యుడు, ముఖము ఉబ్బి, మాట తడబడి, మందకొడియైపోయిన 46 ఏండ్ల స్త్రీకి గొర్రె అవటుగ్రంథి రసమును సూదిద్వారా ఎక్కించెను. కొన్ని నెలలలో ఆమె కోలుకొనెను. పిదప అదే మందును నోటిద్వారా తీసికొనుచు 28 సంవత్సరములు జీవించి 1919లో గతించెను. ఆమెకొరకు 870కి పైగా గొర్రెల గ్రంథులు వాడవలసివచ్చినది. 1914 డిసెంబరు 25న అమెరికాలో మేయో వైద్యాలయమున కెండాల్ థైరాక్సినును స్ఫటికరూపమున వేరుచేసెను. సుమారు 3 టన్నుల పందిగ్రంథులనుండి ఆయనకు లభించినది 33 గ్రాములు మాత్రమే. 1926లో హారింగ్టన్ దాని అణునిర్మాణమును తేల్చి, మరుసటి సంవత్సరము బార్జరుతో కలిసి ప్రయోగశాలలో తయారుచేసెను. కాని అది ప్రేవులలో సరిగా ఇంకలేదు. దాని సోడియం లవణము 1949లో వచ్చిన తరువాతనే మాత్రరూపమున సులభముగ వాడుట వీలైనది. నేడు మందుల దుకాణములో థైరోనార్మ్, ఎల్ట్రాక్సిన్, థైరాక్స్ అని పేర్లు వేరైనను లోపలి పదార్థము లెవోథైరాక్సిన్ సోడియమే. గ్రంథి తయారుచేయు అణువునకును దీనికిని భేదము లేదు. 100 మైక్రోగ్రాముల మాత్ర దినమున కొకటి చొప్పున వేసికొనువారికి ఒక్క గ్రాము పదార్థము 10,000 దినములు, అనగా 27 ఏండ్లు దాటి వచ్చును. 870 గొర్రెల పని ఇంచుమించు ఆ గ్రాములో ఇమిడియున్నది.

ఇక మోతాదు. గ్రంథి పూర్తిగా పనిచేయని వయోజనులకు కిలోగ్రాము బరువునకు దినమునకు సుమారు 1.6 మైక్రోగ్రాములు కావలెను. 60 కిలోగ్రాముల ఉపాధ్యాయినికి 60 × 1.6 = 96, కనుక వైద్యుడు 100 మాత్రను వ్రాయును. ప్రక్కయింటి ఆమెకు గ్రంథి సగము పనిచేయుచుండవచ్చును, ఆమెకు 50 చాలవచ్చును. ఒకరి మాత్రను మరియొకరి మాత్రతో పోల్చుట ఒకరి కండ్లజోడును వేరొకరు పెట్టుకొని చూచుటవంటిది. వృద్ధులకు, గుండెజబ్బు ఉన్నవారికి 12.5 లేక 25తో మొదలిడి మెల్లగా పెంచుదురు. చల్లారియున్న గుండెను ఒక్కసారిగా పరుగెత్తించినచో దానికి కావలసిన ప్రాణవాయువు రక్తనాళములద్వారా చాలినంత అందకపోవచ్చును.

మాత్ర మొదలిడిన వారమునకే “గుణము లేదు” అని వైద్యుని మార్చువారు, కంపెనీ మార్చువారు పెక్కుమంది. ఇక్కడ గణితము తెలిసియుండుట మేలు. థైరాక్సిన్ అర్ధజీవితకాలము సుమారు 7 దినములు. దినదినము ఒకే మోతాదు వేసికొనుచుండగా రక్తములోని మట్టము మొదటి వారమున క్రొత్త మట్టమువైపు సగము దూరము పోవును. రెండవ వారమునకు 75 శాతము, మూడవ వారమునకు 87.5, నాల్గవ వారమునకు సుమారు 94, ఆరవ వారమునకు 98 శాతము దాటును. మాంద్యముగల దేహములో మందు ఇంకను మెల్లగా ఖర్చగును గనుక అర్ధజీవితకాలము 9, 10 దినముల వరకు సాగును. పీయూషగ్రంథి తన కేక తగ్గించుటకు మరికొంత వ్యవధి పట్టును. బందరు కాలువకు బారేజివద్ద తలుపు లెత్తిన గంటకే శివారులో నీరు రాలేదని లస్కరును తిట్టుట ఎంత న్యాయమో, రెండు వారములలో టి.ఎస్.హెచ్. చూచి మోతాదు మార్చుట అంత న్యాయము. అందుచేతనే మోతాదు మార్చిన ప్రతిసారి 6 మొదలు 8 వారములు ఆగి పరీక్షింతురు.

ఆరు వారములైనది. ఉపాధ్యాయిని టి.ఎస్.హెచ్. 38నుండి 14కు దిగినది కాని 4కు రాలేదు. మందు మంచిది కాదా? మాత్రను 125కు పెంచవలెనా? వివరమెరిగిన వైద్యుడు ఆ రెండింటికి ముందు మరియొక ప్రశ్న వేయును: “మాత్ర ఎప్పుడు, దేనితో వేసుకుంటున్నారమ్మా?” ఆమె తెల్లవారుజామున లేచి, మాత్ర వేసికొని, వెంటనే ఫిల్టరు కాఫీ త్రాగి వంటపనిలో దిగుచున్నది. చిక్కు అక్కడ నున్నది. ఖాళీకడుపున వేసికొనినపుడు మాత్రలో 70, 80 శాతము చిన్నప్రేవులలో ఇంకును. కాఫీ ఈ ఇంకుటను తగ్గించునని 2008లో ఇటలీ వైద్యులు చూపిరి. పాలు, సోయా, పీచు హెచ్చుగానున్న ఆహారము కూడ అంతే. కాబట్టి మాత్రకు మంచినీరు మాత్రమే తోడు. కాఫీ, ఫలాహారములకు అరగంటనుండి గంట వరకు ఆగవలెను. ఉదయము కాఫీ మానుట కృష్ణాజిల్లాలో ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. అట్టివారికి వేరొక దారి గలదు. రాత్రి భోజనమైన 3 గంటల తరువాత, పడుకొనబోవునపుడు వేసికొన్నను మాత్ర చక్కగా ఇంకునని 2010లో నెదర్లాండ్సులో జరిగిన పరీక్ష తెలిపినది. ఏదో ఒక వేళ నేర్పరచుకొని దానినే పాటింపవలెను. ఒకనాడు మరచినచో కంగారు లేదు, అర్ధజీవితకాలము వారము గనుక మట్టము వెంటనే పడిపోదు.

కాఫీకంటె గట్టి శత్రువులు ఇనుము, కాల్షియము మాత్రలు. ఇవి కడుపులో థైరాక్సినుతో ముడిపడి దానిని ఇంకనీయవు. కడుపుమంటకు త్రాగు అల్యూమినియము మందులును అట్టివే. వీనికిని థైరాక్సినుకును నడుమ 4 గంటల ఎడముండవలెను. జుట్టు రాలకుండుటకని వాడు బయోటిన్ గుళికలది వేరొక మాయ. అవి మాత్రను చెరుపవు గాని కొన్ని పరీక్షాయంత్రములను మోసగించి తప్పు అంకెను చూపించును. పరీక్షకు రెండు దినముల ముందే వానిని ఆపుట మంచిది.

విజయవాడ వేసవిని మరువరాదు. మేనెలలో 45 డిగ్రీలను తాకు ఎండలున్నచోట మాత్రల సీసాను కిటికీగట్టున, వంటపొయ్యి ప్రక్కన, నిలిపియుంచిన కారులో ఉంచుట తగదు. ఈ మందు వేడికి, వెలుతురుకు, ముఖ్యముగ తేమకు బలహీనపడును. మందు బలము నిలుకడగా ఉండదనియే 1997లో అమెరికా ప్రభుత్వము దీని తయారీదారులందరును అనుమతి పొందవలెనని కోరి, 2007లో బలము 95 మొదలు 105 శాతము మధ్యనే ఉండవలెనని కట్టడి చేసినది. సీసాను బిరడా బిగించి, ఇంటిలో చల్లగా, పొడిగా ఉన్న చీకటి అరలో ఉంచవలెను. మాత్రలను తీసి వారమునకు సరిపడ పొట్లములలో కట్టుకొనుట మంచి అలవాటు కాదు. కంపెనీలనుగూర్చిన నిజమును ఇంతమాత్రమే. ఒకటి మంచిది, ఒకటి చెడ్డది యని కాదు. అల్పభేదములుండవచ్చును గనుక ఒకదానినే వాడుట, తప్పనిసరియై మార్చినచో 6 వారములకు మరల పరీక్షింపించుకొనుట యుక్తము.

అంకె సరియైన తరువాతను అలసట తీరనివారు కొందరుందురు. వారి బాధను కల్పన యని త్రోసివేయుట తప్పు. రక్తహీనత, బి-12 విటమిను కొరత, మధుమేహము, నిద్రలో శ్వాస అడ్డుపడుట వంటి ఇతర కారణములను ముందుగా వెదకవలెను. టి-4తోపాటు టి-3ని కూడ ఇచ్చినచో మేలని 1999లో వెలువడిన ఒక పరిశోధన ఆశ కల్పించినది. తరువాతి పరీక్షలు పెక్కు దానిని బలపరచలేదు. టి-3 రక్తములో ఒక దినము సేపే నిలుచును గనుక మట్టము ఎగిరిపడుచుండును, గుండె దడ పుట్టవచ్చును. పందిగ్రంథి మాత్రలది అదే చిక్కు: అందు టి-4, టి-3లు సుమారు 4కు 1 పాలున ఉండగా, మానవుని గ్రంథిలో 14కు 1 పాలున ఉండును. ప్రకృతిసిద్ధమన్న మాట పందికి చెల్లును గాని మనిషికి చెల్లదు. నిపుణుడైన వైద్యుని పర్యవేక్షణలో టి-3ని కొలదికాలము చూచుట వేరు, తోచినట్లు తెప్పించుకొనుట వేరు.

అసలు మందే అక్కరలేనివారును కలరు. టి.ఎస్.హెచ్. 5, 6 వద్దనుండి, థైరాక్సిన్ సరిగానున్న వృద్ధులు అట్టివారు. 65 ఏండ్లు దాటిన 737 మందిపై ఐరోపాలో జరిగి 2017లో వెలువడిన పరీక్షలో ఇట్టివారికి మాత్ర ఇచ్చినను లక్షణములలో మార్పు కనబడలేదు. మాత్ర ఎక్కువైనచో వృద్ధులలో గుండె లయ తప్పుట, ఎముకలు గుల్లబారుట అను అపాయములు గలవు. బరువు తగ్గుటకని మోతాదు పెంచుకొనువారికిని ఇదే హెచ్చరిక.

మన ఉపాధ్యాయిని మాత్రను పడుకొనువేళకు మార్చుకొనెను. ఎనిమిది వారములకు టి.ఎస్.హెచ్. 2.1. మోతాదు పెంచవలసిన పని లేకపోయినది. మరుసటి ఏడు ఆమె గర్భవతి యైనచో? శిశువునకు స్వంత గ్రంథి మూడవ నెల వరకు పనిచేయదు. అంతవరకు దాని మెదడు పెరుగుదలకు తల్లి థైరాక్సినే ఆధారము. కాబట్టి నెల తప్పిన వెంటనే, వైద్యుని చూచుటకు ముందే, వారమునకు 7 మాత్రలకు బదులు 9 వేసికొమ్మని ముందుగా చెప్పియుంచుట వైద్యుల ఆచారము. ఇది సుమారు 29 శాతము పెంపు. తరువాత సగము గర్భకాలమువరకు ప్రతి 4 వారములకు పరీక్ష. సరిగా ఇదే సమయమున ప్రాథమిక ఆరోగ్యకేంద్రము ఆమె చేతికి 180 దినములు వేసికొనవలసిన ఇనుము, ఫోలిక్ ఆమ్లము మాత్రలను, కాల్షియము మాత్రలను ఇచ్చును. అన్నియు అవసరమైనవే. అన్నిటిని మంచము ప్రక్కనుంచుకొని పడుకొనబోవునపుడు ఒక గ్రుక్కలో మ్రింగినచో థైరాక్సిన్ వ్యర్థమగును. ఆ నష్టము తల్లికి అలసటగా తెలియవచ్చును, శిశువునకు తెలియదు. కాల్షియము ఉదయము, మధ్యాహ్నము భోజనములతో. ఇనుము సాయంకాలము ఐదు గంటలకు. థైరాక్సిన్ రాత్రి పది గంటలకు: ఈ ఏర్పాటు ఒక కాగితముమీద వ్రాసి వంటింటి గోడకు అంటించినచో చాలును.

ప్రసవమైన తరువాత ఆమె మోతాదు తిరిగి 100కు దిగును. 6 వారములకు మరల రక్తపరీక్ష. బిడ్డకు మాత్రము అంతకాలము ఆగుట లేదు. మన దేశములో సుమారు వేయిమంది శిశువులకు ఒకరు అవటుగ్రంథి లోపముతో పుట్టుచున్నారు. పుట్టినపుడు చూచుటకు వారిలో ఏ తేడాయు కానరాదు. రెండు వారములలోపల మందు మొదలిడినచో ఇతర పిల్లలవలెనే చదువుకొందురు. నెలలు జారినచో బుద్ధిమాంద్యము తిరిగి తీరదు. కెనడాలోని క్విబెక్‌లో 1974లో అందరు శిశువులకును ఈ పరీక్ష ఆరంభించిరి. చంటిబిడ్డకు కిలోగ్రామునకు 10 మొదలు 15 మైక్రోగ్రాములు కావలెను, అనగా తల్లి మోతాదుకు ఆరు మొదలు తొమ్మిది రెట్లు. మాత్రను నలిపి చెంచాడు తల్లిపాలలో కలిపి అప్పటికప్పుడే పట్టవలెను. ఉపాధ్యాయిని బిడ్డకు మూడవనాడు మడమనుండి రక్తపుబొట్టు తీసి కాగితముపై అద్దుదురు. ఆ కాగితము పరీక్షాశాలకు చేరి ఫలితము తిరిగివచ్చువరకు దానిగూర్చి అడుగుచుండుట తండ్రి పని.